ఎఱుకలవారి పందుల మంద

కులచరిత్రము వ్రాయబూనినవారు పూర్వుల శౌర్యమునో దానధర్మములనో ముందుగా వర్ణింతురు. మన ఎఱుకలవారి చరిత్రము వృత్తులయందే కలదు. వెదురుతో బుట్టలల్లిన దబ్బ ఎఱుకలు, ఈతపుల్లల ఎఱుకలు, ఉప్పు ఎఱుకలు, కరివేపాకు ఎఱుకలు అను శాఖానామములే యిందులకు సాక్ష్యము. శాఖ యేదైనను పెక్కిండ్లయందు పందుల మంద యుండెడిది. దానిని గూర్చియే విన్నవించెదను.

నా బాల్యమున మా పందులకు కంచె లేదు, కట్టుత్రాడు లేదు. తెల్లవాఱి గుడిసె తడిక తీసినంతనే తల్లులు ముందు, పిల్లలు వెనుకగా చెఱువుగట్టు దారి పట్టెడివి. తుంగగడ్డలు పెల్లగించి తినుట, ఎండవేళ బురదలో పొరలుట వాని దినచర్య. ఆ పొరలుట చూచి లోకము రోతపడెడిది. పందికి చెమట పట్టుట మిక్కిలి తక్కువ గనుక బురదయే దానికి చలువ. సాయంకాలమున మా నాయనమ్మ తవుడు కలిపిన కుడితి తొట్టిలో బోసి కూతవేయగా మంద పరుగున వచ్చెడిది. చెవికొనపై పెట్టిన గాటును బట్టి మావానిని గుర్తించి లెక్కచూచుట పిల్లల పని. ఒకటి తగ్గినచో దీపము పట్టి వెదుకవలసినదే.

చూలు నిలిచిన సుమారు 114 దినములకు పంది యీనును. ఈనుటకు ముందు గడ్డి నోట గఱచి తెచ్చి పడక యమర్చుకొనును. అది చూచి నాయనమ్మ ఆ రాత్రి నిద్రపోయెడిది కాదు. మా అక్క పెండ్లియు, నా బడిపుస్తకములును పందులమ్మిన సొమ్ముతోడనే జరిగినవి. మాకు అదియే ధనాగారము.

మంద చేలలో పడినప్పుడు తగవులు తప్పవు. 1871 నాటి పశువుల అక్రమప్రవేశ శాసనము పందులచే పైరు చెడినచో యజమానికి 10 రూపాయల వఱకు జుల్మానా విధించెను. నష్టపడినవాడు రైతు గనుక అది న్యాయమే. ఆ యేటనే పుట్టిన నేరస్థజాతుల శాసనము 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించి మనుష్యులనే బందెలదొడ్డిలో బెట్టెను. పంది చేను మేసిన పిదపనే దండన. మనవారికి పుట్టుకయే నేరమయ్యెను. 1913లో బాపట్ల చేరువను సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున స్టూవర్టుపురము సెటిల్మెంటు వెలసెను. ఆ శాసనము మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను రద్దయ్యెను. పేరునకంటిన మచ్చ మాత్రము అంత త్వరగా పోలేదు.

నేడు పందులను వీధులలో విడుచుట తగదు. మలము తిన్న పంది మాంసము చక్కగా ఉడుకనిచో బద్దెపురుగు మనుష్యునకు సంక్రమించును. మెదడువాపు విషము పందులలో వృద్ధిబొంది దోమలచే వ్యాపించును. కావున దొడ్డి యావశ్యకము. అయినను స్థలమును, మేతకు పెట్టుబడియు జూపక మందను పట్టుకొనిపోయినచో ఆ పేదయింటి ధనాగారమే పోవును. ఈ రెండును సమకూర్చుటకు పోషకమహాశయులు పూనుకొందురు గాక. యువకులారా, ముసలమ్మల నోట నున్న యీ విద్యను నేడే వ్రాసియుంచుడు. ఈ వృత్తిని జెప్పుకొనుటకు తలవంచవలదు. దానితోడనే మనలను పెంచిరి.