కీళ్ల మాత్రలు, మరపు జబ్బు

1980ల చివర్లో కెనడాలోని వాంకూవర్‌లో పాట్రిక్ మెక్‌గీర్, ఆయన భార్య ఈడిత్ అల్జీమర్స్‌తో చనిపోయినవారి మెదళ్లను పరీక్షిస్తూ మైక్రోగ్లియా కణాలు రేగి ఉండటం గమనించారు. మెదడుకు కాపలా కాస్తూ, చెత్త ఊడ్చే కణాలివి. అంటే మెదడులో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ఉన్నట్టయితే, దాన్ని తగ్గించే మాత్రలు ఏళ్ల తరబడి మింగే కీళ్లవాత రోగుల సంగతేమిటి? లెక్కలు తిరగేస్తే వారిలో అల్జీమర్స్ అనుకున్నదానికన్నా చాలా తక్కువగా కనబడింది. 1990లో ఆ మాట లాన్సెట్ పత్రికలో రాశారు. మెక్‌గీర్ 1948 ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ ఆడినవాడు, తర్వాత బ్రిటిష్ కొలంబియాలో మంత్రిగానూ చేశాడు. అలాంటి మనిషికి పక్క శాఖలోకి తొంగిచూడటానికి జంకెందుకు ఉంటుంది!

1993లో ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మాత్రల్లో ఒకటైన ఇండోమెథాసిన్‌తో ఆరు నెలల చిన్న ప్రయోగం ఆశ పుట్టించింది. మందు పడక కొందరు మధ్యలోనే మానేశారన్నది ఆ సంబరంలో మరుగున పడింది.

అసలు ఊపు 2001లో రోటర్‌డామ్ నుంచి వచ్చింది. 55 ఏళ్లు దాటిన దాదాపు 7,000 మందిని సగటున 6.8 ఏళ్లు గమనించారు. రెండేళ్లకు పైగా ఈ మందులు వాడినవారిలో అల్జీమర్స్ ముప్పు ఐదో వంతుకు పడిపోయింది. మతిమరుపు మనిషిని ఏం మందులు వాడావని అడగకుండా, మందుల షాపుల రికార్డులే చూశారు. అందుకే నాకు ఈ అధ్యయనం మిగతావాటికన్నా గట్టిగా అనిపిస్తుంది.

అదే ఏడాది అమెరికాలో అడాప్ట్ ప్రయోగం మొదలైంది. కుటుంబంలో జబ్బు చరిత్ర ఉన్న, 70 దాటిన సుమారు రెండున్నర వేలమందిలో కొందరికి నాప్రాక్సెన్, కొందరికి సెలికాక్సిబ్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 2004 సెప్టెంబరులో గుండెపోటు భయంతో ఇదే కోవకు చెందిన వయాక్స్ అనే మాత్ర మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. డిసెంబరులో అడాప్ట్‌లోనూ మాత్రలు ఆపేశారు. తర్వాత లెక్క తేలిస్తే రక్షణ జాడే లేదు. స్వల్ప మతిమరుపు ఉన్నవారికి వయాక్స్ ఇచ్చి చూసిన మరో ప్రయోగంలోనైతే మందు వాడినవారిలోనే అల్జీమర్స్ ఎక్కువగా తేలింది.

మందు ఆలస్యంగా అందిందని కొందరన్నారు. లక్షణాలు బయటపడేసరికి జబ్బు వయసు పదిహేను, ఇరవై ఏళ్లు ఉంటుంది కాబట్టి ఆ వాదన కొట్టిపారేయదగ్గది కాదు. కానీ 2013లో ట్రెమ్2 జన్యువు కథను తిరగేసింది. మైక్రోగ్లియా పనితీరును దెబ్బతీసే దాని మార్పు ఉన్నవారిలో అల్జీమర్స్ ముప్పు రెండు, మూడు రెట్లు ఎక్కువ. అణచాలనుకున్న కణాలనే ఇప్పుడు తట్టి లేపాలన్నారు. అందుకు తయారుచేసిన ఒక యాంటీబాడీ కూడా 2024లో రోగుల మీద పనిచేయలేదు.