మన పేరున్న గుట్ట మీద మనకు కిరాయి రూమ్ దొరకదు



మేము నలుగురం మరిపెడ చుట్టుపక్కల తాండాల నుంచి పట్నం వచ్చి, హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్నం. మొన్న ఎండాకాలం సెలవులకు హాస్టల్ మూసిన్రు. కోచింగ్ కోసమని రెండు నెలలకు రూమ్ వెతికినం. మొదటి ఇంట్ల కిరాయి కాకుండా రెండు నెలల అడ్వాన్స్ అడిగిన్రు. రెండో ఇంట్ల "మీరేమోళ్లు?" అనడిగిన్రు. చెప్పినం. "ఇప్పుడే వేరేటోళ్లకు మాటిచ్చినం" అన్నరు. టులెట్ బోర్డు మాత్రం వారం దాకా అట్లనే వేలాడింది.

అప్పుడే, అసలు ఈ పట్నంల మనోళ్లు ఎక్కడున్నరు అని చరిత్ర చదివినం.

మన ముత్తాతలకు ఇల్లంటే నడిచే తాండానే. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దక్కన్ అంతా తిరిగేటోళ్లు. మొగలుల దండుకు, నిజాం దండుకు తిండిగింజలు మోసింది వాళ్లే. 1874ల సికింద్రాబాద్‌కు రైలొచ్చింది. తర్వాత మన వరంగల్ దిక్కు కూడా పట్టాలు పడ్డయి. ఎద్దుల బేరం పడిపోయింది. తిరిగేటోళ్లు ఊర్ల అంచులల్ల, గుట్టల కాడ ఆగిపోయిన్రు.

హైదరాబాద్ పక్కన మనోళ్లున్న అసొంటి గుట్టలే బంజారాహిల్స్. నిజాం కాలంల మెహదీ నవాజ్ జంగ్ అనే పెద్ద అధికారి అక్కడి రాళ్లను కలుపుకొని ఇల్లు కట్టుకున్నడు. దానికి బంజారా భవన్ అని పేరు పెట్టిండు. ఆయన తర్వాత ఒక్కొక్కలుగా ఉన్నోళ్లు వచ్చిన్రు. భూమి ధర గుట్టకంటే ఎత్తుకు పోయింది. నందినగర్ అసొంటి చోట్ల మనోళ్లు కొందరు మిగిలిన్రు. దేవరకొండ దిక్కు నుంచి వలసొచ్చినోళ్లు సైదాబాద్ సింగరేణి కాలనీ గుడిసెలల్ల తలదాచుకున్నరు.

మరి సర్కారు చేయలేని పనా ఇది? 1908ల మూసీ వరద వేల మందిని మింగింది. ఆ తర్వాత 1912ల నిజాం సర్కారు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. ఇరుకు బస్తీలు తీసేసి, తక్కువ ఆదాయమున్నోళ్ల కోసం ఇండ్లు కట్టి కిరాయికిచ్చింది. అంటే వందేండ్ల కిందనే ఈ పట్నంల ఆ దారి ఉండె.

మన రాష్ట్రం వచ్చినంక డబుల్ బెడ్‌రూమ్ ఇండ్లు కట్టిన్రు. ఒక్క కొల్లూరులనే 15,660. మంచిదే. కానీ అది ఔటర్ రింగ్ రోడ్డు అంచుల ఉన్నది, పైగా కుటుంబాలకిచ్చే సొంత ఇల్లు. రెండేండ్లు చదువుకొని పోయే పిల్లగాళ్లకు ఆ లిస్టుల చోటు లేదు. 2022 సెప్టెంబర్ 17న బంజారాహిల్స్‌లనే ఆదివాసీ భవన్, బంజారా భవన్ తెరిచిన్రు. చూసి గర్వపడ్డం. కానీ భవన్‌ల మీటింగ్ అయినంక రాత్రి పండుకునేది ఎక్కడ?

మాకైతే ఒక్కటే అర్థమైంది. మనకు పట్నం కొత్త కాదు, పట్నంల జాగనే లేకుండా పోయింది. కాబట్టి హాస్టళ్లు సెలవులల్ల కూడా తెరిచి ఉంచాలని, డిగ్రీ అయినోళ్లకు తక్కువ కిరాయి రూములు కట్టాలని మనందరం కలిసి అడగాలె.

అప్పటిదాకా ఒక పని చేద్దాం. కులం అడగకుండా రూమ్ ఇచ్చిన ఇల్లు మీకు తెలిస్తే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పండి. మీ తాండా నుంచి మొదట పట్నం వచ్చినోళ్లు ఎక్కడ తలదాచుకున్నరో మీ పెద్దోళ్లను అడిగి ఇక్కడ రాయండి. ఆ చరిత్ర మనం రాయకపోతే ఇంకెవరు రాస్తరు?