చెయ్యెత్తిన రోజు

మా ఊరి బడికి కమిటీ వేస్తున్నారని దండోరా వేసింది 1998లో. ఆ ఏడే ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్య సమాజ భాగస్వామ్య చట్టం వచ్చింది. బళ్లో చదివే పిల్లల తల్లిదండ్రులే సభ్యుల్ని ఎన్నుకోవాలి. హెడ్మాస్టరు కన్వీనరు. గదుల కట్టుబడి, మరమ్మతులు, పంతుళ్లు వేళకొస్తున్నారా లేదా, ఇవన్నీ కమిటీ చూసుకోవాలి. నా కూతురు అప్పుడు మూడో తరగతి. నేను నిలబడతానన్నాను. అన్నం కలుపుతున్న మా అమ్మ చెయ్యి ఆగిపోయింది. "బడి పెత్తనంతో మనకేం పని నాయనా?" అంది.

అమ్మది పిరికితనం కాదు. ఆ మాట వెనక మూడు తరాల చరిత్ర ఉంది.

తెల్లోళ్ల కాలంలో బళ్లు జిల్లా బోర్డుల చేతుల్లో ఉండేవి. ఆస్తో, కట్టే పన్నో, చదువో ఉన్నోడికే ఓటు. 1935 చట్టంలోనూ అదే పద్ధతి. మా తాతకి సెంటు భూమి లేదు, పన్ను లేదు, అక్షరం లేదు. చదువుకుంటే ఓటిస్తామన్నారు, చదువుకోవడానికి బళ్లోకి రానివ్వలేదు. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి. 1952 ఎన్నికల దాకా తాత ఓటు మొహం చూళ్లేదు.

మా ప్రకాశం జిల్లాలో మా వాళ్లకి మొదట పలక పట్టించింది మిషను బడే. 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆ తర్వాత పల్లెల్లో గుడీ బడీ ఒకే పాకలో నడిచినయ్. ఇక్కడొక మాట చెప్పి తీరాలి. మా ప్రాంతంలో ఆ బడిగుమ్మం ముందు తొక్కింది వాళ్లు. తర్వాత దాని ఫలం ఎక్కువ అనుభవించింది మా మాలపల్లె.

నేను ఊళ్లో సమితి బడికెళ్లింది 1960ల చివర్లో. నీళ్ల కుండ అరుగు మీద ఉండేది. మేం దాన్ని తాకగూడదు. దోసిలి పడితే ఎవరో ఒక పిల్లోడు పైనుంచి పోసేవాడు. పోసే పిల్లోడు ఆటలో ఉంటే మాకు దాహం తీరేది కాదు. నాకు ఆ బళ్లో లెక్కలకంటే ముందు వచ్చింది దోసిలి పట్టడం.

1998 నాటికి ఆ బడి మారిపోయింది. పెద్దకులాల పిల్లలు వ్యానెక్కి టౌను కాన్వెంటుకి పోతున్నారు. బళ్లో మిగిలింది మా పిల్లలు, బీసీల పిల్లలు. చట్టం ప్రకారం బళ్లో పిల్లలు చదవనోళ్లకి కమిటీలో నిలబడే హక్కే లేదు, భూస్వాముల పిల్లలు ఆ బళ్లో లేరు. కానీ గదులు కట్టే డబ్బు కమిటీ చేతికొస్తదని వాళ్లకి తెలుసు. అందుకే తమ పాలేర్లని నిలబెట్టారు. నా మీద నిలబెట్టింది ఎవర్ననుకున్నారు? మా పెదనాయన కొడుకుని.

"తమ్ముడా, నన్ను తిట్టుకోమాక. అప్పు పత్రం ఆయన పెట్టెలో ఉంది" అన్నాడు అన్న. తిట్టుకోలేదు. ఆ పెట్టెలో మా నాయన పత్రం కూడా ఒకప్పుడు ఉండేది.

ఓట్లడగడానికి మాదిగపల్లెకి పోయాను. మా పల్లెకి రెండు వందల గజాలు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చినా ఆ వీధిలో ఒక గడప ఎక్కి ఎరగను. ఒక పెద్దమ్మ మంచం వాల్చి కూర్చోమంది. చెంబుతో నీళ్లిచ్చింది. నేను తాగేదాకా చూస్తా ఉంది.

"ఇంతకుముందెప్పుడన్నా మా ఇంట నీళ్లు తాగావా అబ్బాయా?"

నా నోట మాట రాలేదు. బడి అరుగు మీది కుండ గుర్తొచ్చింది. మమ్మల్ని దూరం పెట్టినోళ్ల గురించి సభల్లో మాట్లాడే నేను, ఈ గడపని ఎంత దూరం పెట్టానో అప్పుడు తెలిసింది. 1994లో దండోరా ఉద్యమం ఈ జిల్లాలోనే ఈదుముడిలో పుట్టినప్పుడు, "మనలో మనకెందుకు గొడవ" అన్నోళ్లలో నేనూ ఒకణ్ణి.

"ఇయ్యాల నీళ్లు తాగితే సరిపోద్దా? కమిటీలో మా మనిషుంటదా?" అంది పెద్దమ్మ. ఆమె కోడలి పిల్లలిద్దరూ ఆ బళ్లోనే చదువుతున్నారు. నువ్వూ నిలబడమ్మా అన్నాను. రెండు పల్లెలూ ఇద్దరికీ చెయ్యెత్తాలని ఒప్పందం చేసుకున్నాం.

ఎన్నిక రోజు చేతులెత్తమన్నారు. చీటీలు రాసి పెట్టెలో వేయిద్దామని అడిగాను. "ఇంతోటిదానికి చీటీలెందుకయ్యా" అన్నారు. వేపచెట్టు కింద కుర్చీలో ఊరి పెద్దాయన కూర్చోనున్నాడు. ఓటు లేని మనిషి. ఆయన మాట్లాడలేదు, ఎవరు చెయ్యెత్తుతున్నారో చూస్తా కూర్చున్నాడంతే. ఎత్తాల్సిన చెయ్యి రేపు ఆయన చేలో పత్తి తీయాల్సిన చెయ్యి. నా పేరు చదవంగానే మొదట లేచింది నా భార్య చెయ్యి. తర్వాత మాదిగపల్లె చేతులు, దాదాపు అన్నీ. మా పల్లె చేతులు సగం ఒళ్లోనే ఉండిపోయినయ్. నాకు 31, అన్నకి 38. నేనోడిపోయా. ఆ కోడలు గెలిచింది.

మొదటి మీటింగుకి ఆమె పోతే కుర్చీ వెయ్యలేదు. చాప చూపించారు. "అందరూ చాప మీద కూర్చుంటే నేనూ కూర్చుంటా. లేకపోతే వేలిముద్ర వెయ్యను" అందంట. ఆమె ముద్ర లేకపోతే తీర్మానం పూర్తిగాదు. కుర్చీ వచ్చింది. గెలిచుంటే నేను ఆ మాట అనేవాణ్ణో లేదో! చదువుకున్నోణ్ణి గదా, సర్దుకుపోయేవాణ్ణేమో.

2003లో బళ్లో మధ్యాహ్నం అన్నం మొదలైంది. వంటకి దళితుల్ని పెట్టుకోవడంలో ప్రాధాన్యమివ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. మా బళ్లో మాదిగపల్లె ఆమె వండితే కొందరు పిల్లలు క్యారేజీలు తెచ్చుకున్నారు. వాళ్లలో మా పల్లె పిల్లలూ ఇద్దరున్నారు. ఇది రాయకుండా దాచుకుంటే ఈ వ్యాసం అబద్ధమైపోద్ది.

2010లో విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. కమిటీలో మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి, వెనకబడేయబడ్డోళ్లకి చోటుండాలి అంది. మంచిదే. 2024 ఆగస్టులో రాష్ట్రమంతా ఈ కమిటీల ఎన్నికలు జరిగినయ్. నా మనవడి బడికి నేనూ పోయి గేటు బయట నిలబడ్డా. లోపల మళ్లీ చేతులెత్తమంటున్నారు. వేపచెట్టు లేదు, కుర్చీలో పెద్దాయన లేడు. ఆయన మనవడు మోటార్ సైకిల్ మీద కూర్చుని ఫోన్లో వీడియో తీస్తన్నాడు.

నా కూతురు చెయ్యెత్తలేదు. లేచి నిలబడింది. "చీటీలు తెప్పించండి" అంది.