బొజ్జన్నకొండ ఫోటో ఎవరిది? వికీపీడియాలో డిలీట్, బ్లాక్ వెనక కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక డిలీట్‌తో మొదలవుతుంది. డిలీట్ అయింది నా ఫోటోనే. నా ఫోటో అంటున్నా గానీ, గొడవంతా అది నాది కాకపోవడం వల్లే వచ్చింది.

డిగ్రీ చదివే రోజుల్లో, కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని తెలుగు వికీపీడియాలో బొజ్జన్నకొండ పేజీ చూశాను. మన అనకాపల్లి పక్కన శంకరంలో కొండని తొలిచిన బౌద్ధ గుహలు, పైన స్తూపం, పక్కన లింగాలకొండ మీద రాతిలోనే చెక్కిన స్తూపాల వరసలు. ఇంత గొప్ప చోటికి ఇంకో మంచి ఫోటో ఉంటే బాగుణ్ణనిపించింది. గూగుల్‌లో అన్నిటికంటే బాగున్నది సేవ్ చేసి, సొంతంగా తీసిందే అని టిక్ పెట్టి ఎక్కించేశాను. మూడో రోజుకి లేదు.

ఒళ్లు మండింది. లాగౌట్ అయ్యి, అదే పేజీలో మా ఫ్రెండు పేరు రాసి, ఈ కొండని కనిపెట్టింది వీడేనని పెట్టాను. కాసేపటికి పోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ పోయింది. మూడోసారి పెట్టబోతే మార్పులు చెయ్యడానికి వీల్లేదని మెసేజ్ వచ్చింది. నిరోధించారు, అంటే బ్లాక్.

అప్పుడు నాకు ఇద్దరూ దుర్మార్గుల్లాగే కనిపించారు, ఫోటో తీసేసినాయనా, నన్ను ఆపేసినాయనా. వాళ్లెందుకలా చేశారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

తెలుగులో మొదటి పెద్ద విజ్ఞాన సర్వస్వం పని పెట్టుకున్నది కొమర్రాజు లక్ష్మణరావు గారు. ఆయన 1923లో పోయేనాటికి వచ్చినవి మూడు సంపుటాలు. మూడూ 'అ' అక్షరంతోనే సరిపోయాయి! అక్కడ ఎవరు రాశారు, ఎవరు దిద్దారు అన్నది సంపాదకుడికి తెలుసు. తప్పొస్తే అడగడానికి ఒక మనిషున్నాడు. ఇంగ్లీషు వికీపీడియా 2001 జనవరి 15న మొదలైంది, తెలుగుది 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారి చొరవతో వచ్చింది. ఇక్కడ గేటు దగ్గర సంపాదకుడు లేడు. ఎవరైనా రాయొచ్చు. ఎవరైనా అంటే మరి నాలాంటివాడు కూడా.

సరే, ముందు ఫోటో సంగతి. నెట్‌లో కనిపిస్తే అందరిదీ అనుకుంటాం కదా, చట్టం అలా అనుకోదు. మన దేశంలో బ్రిటిష్ వాళ్ల 1911 చట్టం నడిచిన రోజుల్లో, నెగెటివ్ తీసిన దగ్గర్నుంచి 50 ఏళ్లు ఫోటో మీద హక్కుండేది. తరవాత మన సొంత కాపీరైట్ చట్టం 1957లో వచ్చి, 1958 జనవరి నుంచి అమలైంది. ఇందులో ఫోటో అచ్చయిన దగ్గర్నుంచి 50 ఏళ్లు. ఆ 50 కాస్తా 60 ఎందుకైందో తెలుసా? రవీంద్రనాథ్ టాగూర్ 1941లో చనిపోయారు. రచయిత పోయాక 50 ఏళ్లు అన్న లెక్కన 1991 ఆఖరుకి ఆయన పుస్తకాల మీద విశ్వభారతికున్న హక్కు అయిపోవాలి. సరిగ్గా ఆ గడువు దగ్గర గడియారాన్ని పదేళ్లు ముందుకి జరిపేశారు. ఫోటోలకీ అదే 60 వచ్చింది. 2012లో ఇంకో సవరణ వచ్చి, ఫోటో తీసినవాళ్ల జీవితకాలం, ఆ పైన ఇంకో 60 ఏళ్లు అంది.

దీన్ని మన ఊరి లెక్కలో చూద్దాం. గురజాడ పుట్టిన ఎస్. రాయవరం ఇప్పుడు మన అనకాపల్లి జిల్లాలోనే ఉంది. ఆయన 1915లో పోయారు, కాబట్టి బతికుండగా తీసిన ఫోటో ఏదైనా ఎవరైనా వాడుకోవచ్చు. విశాఖలో పుట్టిన శ్రీశ్రీ 1983లో పోయారు. ఆయన కవిత్వం మీద హక్కు 2043 ఆఖరి దాకా ఉంటుంది. ఫోటోలంటారా, తీసినవాళ్లెవరు, ఎప్పుడు తీశారు అని ఒక్కోదానికీ వెతుక్కోవాలి. బొజ్జన్నకొండ తవ్వకాల గురించి అలెగ్జాండర్ రీ రాసింది పురావస్తు శాఖ 1907-08 వార్షిక నివేదికలో ఉంది. ఆ నివేదికకి గడువు ఎప్పుడో తీరిపోయింది. అంటే నేను గూగుల్‌లో కొట్టేసిన కొత్త ఫోటో కన్నా, వందేళ్ల కిందటి నివేదికలో బొమ్మ ఎక్కించి ఉంటే ఎవ్వరూ ముట్టుకునేవాళ్లు కాదు.

ఇక మీరందరూ అడిగే ప్రశ్న. మా హీరో ఫోటో వికీపీడియాలో ఎందుకంత డల్లుగా ఉంటుంది? ఎందుకంటే పోస్టర్ నిర్మాతది, ఫోటోషూట్ స్టూడియోది. సినిమా పేజీలో చిన్న సైజు పోస్టర్ పెట్టుకోవడానికి ఆయా భాషల వికీపీడియాలు పరిమితంగా నియమం పెట్టుకోవచ్చని వికీమీడియా ఫౌండేషన్ 2007 మార్చిలో తీర్మానించింది. కానీ బతికున్న మనిషి విషయంలో ఆ సాకు దాదాపు చెల్లదు. మనిషి ఉన్నాడు కదా, ఎవరో ఒకరు వెళ్లి తీసి ఉచితంగా ఇవ్వొచ్చు కదా అంటారు. అందుకే ఆడియో ఫంక్షన్‌లో అభిమాని ఫోన్‌తో తీసిన మసక ఫోటోకి అక్కడ స్టూడియో ఫోటో కన్నా విలువెక్కువ. హిందీ తారల ఫోటోల కింద బాలీవుడ్ హంగామా పేరు తరచుగా కనిపిస్తుంది, గమనించారా? ఆ సైటు తన ఫోటోగ్రాఫర్లు పార్టీల్లో, ఫంక్షన్లలో తీసినవాటిని ఉచిత లైసెన్సుతో ఇచ్చింది. మన తెలుగు సినిమా సైట్లలో ఒక్కటైనా ఆ పని చేస్తే ఎంత బాగుండునో.

ఉచితం అంటే ఒక మెలికుంది. వ్యాపారానికి కూడా వాడుకోనివ్వాలి. మీరు తీసిన బెల్లం మార్కెట్ ఫోటోని రేపు ఓ వ్యాపారి బెల్లం ప్యాకెట్ మీద వేసుకోవచ్చు, మీ పేరు మాత్రం వెయ్యాలి. ఇది ఇష్టం లేకపోతే ఎక్కించకండి. అది తప్పేం కాదు.

ఇప్పుడు బ్లాక్ సంగతి. 2005 మే నెలలో జాన్ సీగెన్‌థాలర్ అనే అమెరికా పాత్రికేయుడి పేజీలో, కెనడీ హత్యలో ఈయన్ని అనుమానించారని ఎవరో సరదాకి రాశారు. నాలుగు నెలలు ఎవరూ చూడలేదు. పేరున్న పెద్దమనిషి, హంతకుడన్న ముద్రతో నాలుగు నెలలు! అది బయటపడ్డాక ఆ డిసెంబరులో, లాగిన్ కాకుండా కొత్త పేజీ మొదలెట్టడాన్ని ఇంగ్లీషు వికీపీడియా ఆపేసింది. మన వైపు గొడవ వేరు, కులాల పేజీలు. మావాళ్లు రాజులు, మీవాళ్లు కాదు అని రాత్రికి రాత్రి చరిత్ర మార్చేవాళ్లు. 2012లో ఇంగ్లీషు వికీపీడియా వాటికి ప్రత్యేక నియమాలు పెట్టాల్సొచ్చింది.

నా బ్లాక్ ఎంత చిన్నదో నాకప్పుడు తెలీదు. ఒక్క రోజే. కానీ అప్పట్లో లాగిన్ లేకుండా రాసేవాణ్ణి ఆపాలంటే వాడి ఐపీ అడ్రస్‌నే ఆపాల్సొచ్చేది. మా ల్యాబ్ మొత్తానికి బయటికి కనిపించే అడ్రస్ ఒక్కటే. మొబైల్ డేటాలోనూ ఇంతే, ఒకే అడ్రస్ వెనక ఎన్నో ఫోన్లుంటాయి. మీరేమీ చెయ్యకుండానే ఎప్పుడైనా బ్లాక్ అని కనిపించి ఉంటే, నాలాంటివాడు ఎవడో మీ లైన్లో ఉన్నాడన్నమాట.

మా లైన్లో ఉన్నది ఒక సీనియర్ అక్క. నూకాలమ్మ గుడి గురించి నెలరోజులుగా నోట్‌బుక్‌లో రాసుకుని, ఆ రోజే ఖాతా తెరుద్దామని ల్యాబ్‌కి వచ్చింది. అలాంటి బ్లాక్ ఉంటే ఆ అడ్రస్ నుంచి కొత్త ఖాతా కూడా తెరవనివ్వదు. "ఇదేంట్రా, నేనేం చేశానని?" అంది. పక్క సీట్లో నేనే ఉన్నాను. ఏమో అక్కా, సర్వర్ ప్రాబ్లమేమో అన్నాను. నోట్‌బుక్ మూసేసి వెళ్లిపోయింది. మళ్లీ ప్రయత్నించిందో లేదో నేనడగలేదు. నూకాలమ్మ గుడి పేజీ తెరిచినప్పుడల్లా చరిత్ర అన్న ట్యాబ్ నొక్కి, పాత మార్పుల్లో ఆమె పేరేమైనా ఉందా అని చూస్తుంటాను.

తరవాత చాలా రోజులకి ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ పట్టుకుని బొజ్జన్నకొండ మెట్లెక్కాను. గుహ ముందు ఎండ సరిగ్గా పడలేదు, ఒక పక్క నీడ. గూగుల్లో దొరికినదానంత బాగాలేదు. ఈసారి నిజంగానే సొంతంగా తీసిందే అని టిక్ పెట్టాను. అదింకా అక్కడే ఉంది.