సూదిపోటు, నొప్పి: ఒక వైద్యపరీక్ష చరిత్ర

పురుషులలో మూత్రాశయానికి దిగువన, మూత్రనాళాన్ని చుట్టుకొని ఒక చిన్న గ్రంథి ఉంటుంది. దీనిని పౌరుషగ్రంథి లేక ప్రోస్టేటు అంటారు. వయసు మళ్ళినవారిలో దీనికి క్యాన్సరు సోకవచ్చును. ఆ సంగతి నిశ్చయంగా తేలవలెనంటే గ్రంథినుండి కొద్దిపాటి కణజాలాన్ని సూదితో తీసి, సూక్ష్మదర్శినితో పరీక్షించవలె. ఈ పరీక్షకే బయాప్సీ అని పేరు.

1989లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు వైద్యులు దీనికొక క్రమం ఏర్పరచారు. మలాశయంలో అతిధ్వని పరికరాన్ని ఉంచి, గ్రంథిని తెరపై చూస్తూ, ఆరు నిర్ణీత స్థానాలనుండి ముక్కలు తీయడం ఆ పద్ధతి. స్ప్రింగుతో పనిచేసే సూది ఒక్కొక్క ముక్కను రెప్పపాటులో తెస్తుంది. పైగా మలాశయపు లోగోడకు సూదిపోటు అంతగా తెలియదు. ఇంతమాత్రానికి మత్తు ఎందుకని చాలామంది వైద్యులు తలచారు.

మత్తుమందు లేక కాదు. 1884లోనే వియన్నాలో కార్ల్ కోలర్ కొకెయిను చుక్కలతో కంటికి స్పర్శ తెలియకుండా చేయవచ్చునని చూపాడు. 1943లో స్వీడను రసాయనవేత్త నిల్స్ లోఫ్‌గ్రెన్ లిడోకెయినును తయారుచేశాడు. 1948లో అది వాడుకలోకి వచ్చింది. నాడీతంతువులలోనికి సోడియం అయానులు ప్రవేశించకుండా ఇది అడ్డుకొంటుంది. అందుచేత నొప్పి వార్త మెదడుకు చేరదు.

మరి లోపమెక్కడ? గోడకు నొప్పి తెలియకపోయినా, గ్రంథిని కప్పిన పొరకు తెలుస్తుంది. నాడులు అక్కడికి చేరుతాయి గదా! 1996లో శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు గ్రంథి ప్రక్కనున్న ఆ నాడులవద్దనే మందు ఎక్కించే విధానాన్ని ప్రకటించారు. తరువాత జరిగిన పరీక్షలలో రోగులకు ఒక గీత చూపి, ఒక కొన నొప్పి లేకపోవడమనీ, రెండవ కొన భరించరాని నొప్పి అనీ చెప్పి, తమ బాధ ఎంతో గుర్తు పెట్టమన్నారు. మందు పొందినవారి గుర్తులు తక్కువ నొప్పివైపు జరిగాయి.

ఈలోగా ముక్కల సంఖ్య ఆరునుండి 10, 12కు పెరిగింది. నొప్పి ఉపశమనం మరింత అవసరమైంది. నేడు ఈ పరీక్షకు ముందు స్థానికంగా మత్తు ఇవ్వడం వైద్యసంఘాలు సూచించే పద్ధతి. మలాశయాన్ని తప్పించి, దాని ముందున్న చర్మంగుండా సూది దింపే విధానంలోనూ మొదట చర్మానికి మందు ఇస్తారు.

జ్వరాన్ని థర్మామీటరు చెబుతుంది. నొప్పిని చెప్పగలిగినది రోగి ఒక్కడే. అతనిని అడిగిన తరువాతనే, ఏనాటినుండో అందుబాటులోనున్న మందు ఈ పరీక్షకు చేరింది.