పరీక్ష కాగితం మీద గ్రాంథికం

చిన్నయసూరి బాలవ్యాకరణం పందొమ్మిదో శతాబ్ది నడుమ వెలువడింది. ఆ సూత్రాలకు ఆధారం ప్రధానంగా పూర్వకావ్యాల భాష. వాటిని అనుసరించే రాతభాషే గ్రాంథికం. బడుల్లో వచనానికి కూడా అవే ప్రమాణమయ్యాయి. కథ రాసినా చరిత్ర రాసినా విద్యార్థి వాటికి లోబడాల్సిందే.

'చూచెను' పక్కన 'కొండలు' వస్తే 'చూచెఁ గొండలు' అని రాయాలి. నకారం అరసున్నగా మారుతుంది, కకారం గకారమవుతుంది. 'చెఱువు'కు బండి ర, 'ఊరు'కు మామూలు ర. ఇరవయ్యో శతాబ్ది నాటికి చదువుకున్నవాళ్ల మాటల్లోనూ ఈ తేడాలు వినిపించేవి కావు. చెవి సాయం లేనప్పుడు కంఠస్థమే గతి. చెప్పదలచుకున్న విషయం మీద పెట్టాల్సిన బుద్ధి దాని మీదే ఖర్చయ్యేది.

పర్లాకిమిడిలో చదువు చెప్పిన గిడుగు రామమూర్తి ఈ అవస్థను దగ్గరగా చూసి, వాడుక భాషలో, అంటే వ్యావహారికంలో, రాయనివ్వాలని వాదించారు. గురజాడ అప్పారావు, విశాఖ కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పాఠశాలల తనిఖీ అధికారి యేట్స్ ఆయనతో కలిశారు. జయంతి రామయ్య పంతులు ఎదురు నిలిచారు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికవాదుల పక్షాన నిలిచింది. జిల్లాకో తీరుగా రాస్తే పాత గ్రంథాలు అందకుండా పోతాయన్నది వారి భయం. అది తీసిపారేయదగ్గ భయం కాదు. అయితే గిడుగు పండితుల రచనలనే ముందుంచుకుని, వాళ్లు నమ్మిన సూత్రాలకే విరుద్ధంగా ఉన్న ప్రయోగాలను ఏరి చూపించారు. పెద్దలకే పట్టుబడని భాషలో పిల్లల్ని పరీక్షించడం అన్యాయమన్న ఆయన వాదానికి దీటైన జవాబు రాలేదు. అయినా మద్రాసు విశ్వవిద్యాలయం గ్రాంథికాన్నే నిలుపుకుంది. దానికి గురజాడ 1914లో ఇచ్చిన అసమ్మతి పత్రం వ్యావహారిక వాదానికి పెద్ద దస్తావేజుగా మిగిలింది.

ఈలోగా కొమర్రాజు లక్ష్మణరావు 1906లో మొదలుపెట్టిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రను, శాస్త్రాలను సులభ గ్రాంథికంలో అచ్చువేసింది. విషయం బరువైనదైనా వాక్యం తేలిగ్గా నడవగలదని ఆ పుస్తకాలు రుజువు చేశాయి.

పారిభాషిక పదాల సంగతి వేరు. 'కిరణజన్య సంయోగక్రియ' నోరు తిరగని మాటే. కానీ ఎండ సాయంతో ఆకు నీటినీ గాలినీ ఆహారంగా మార్చుకునే పనికి అది పేరు. ఆ పని బోధపడితే పేరు తేలికవుతుంది. అరసున్న అలాంటిది కాదు. అది భాషాచరిత్రకారుడికి విలువైన ఆనవాలు. జీవశాస్త్రం రాసే విద్యార్థికి దానితో పని లేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల పాఠ్యగ్రంథాల్లో సంస్కృత పరిభాష నిలిచింది, దాని చుట్టూ వాక్యం వ్యావహారికంలోకి వచ్చింది.