బొగ్గుపులుసుగాలినుండి ఇంధనము

మా జహీరాబాదు ప్రాంతమున చెఱకు కోతలు సాగుచున్న దినములలో నొక బాలిక తరగతిలో లేచి, "సారూ, చెఱకు గాలిలోని బొగ్గుపులుసుగాలిని దీసికొని ఎండతో చక్కెర చేయునంటిరి. చెఱకుమడ్డినుండి సారాయి తీసి పెట్రోలులో కలుపుచున్నారు. నడుమ చెఱకు లేకుండ మనమే యాపని చేయరాదా?" అని యడిగినది. ప్రశ్న చిన్నది, దాని చరిత్ర మాత్రము రెండువందల యేబది సంవత్సరములది.

1771లో ఇంగ్లండునందు ప్రీస్ట్లీ, కొవ్వొత్తి మండి చెడిన గాలిని పుదీనాకొమ్మ బాగుచేయుట చూచెను. అందుకు వెలుతురు కావలయునని 1779లో ఇంగెన్‌హౌస్ తేల్చెను. ఇదియంతయు మన ప్రాచీనగ్రంథములలో నున్నదే యను మిత్రులు నాకు గలరు. నేనును సంస్కృతము చదివినవాడనే. నాకు మాత్రము కనబడలేదు.

చెట్టుచేయు పనిని మనుష్యుడును చేయవచ్చునని గట్టిగా పలికినవాడు ఇటలీదేశపు బొలోన్యా విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రాచార్యుడగు చామిచాన్. ఆయన తన ప్రయోగశాల డాబామీద వందలకొలది గాజుకుప్పెలను ఎండబెట్టి, మన యిల్లాండ్రు వడియములను గనిపెట్టినట్లు, నెలల తరబడి గనిపెట్టుచుండెడివాడు. 1912లో న్యూయార్కునందు చేసిన ఉపన్యాసమున, భూగర్భమునందలి బొగ్గు తరిగిపోవునదే యనియు, ఏమియు పండని మెట్టభూములలో పొగలేని కర్మాగారములు, గాజుగొట్టముల తోపులు వెలయుననియు, చెట్లు దాచుకొన్న రహస్యము మనుష్యుని చేతికి వచ్చుననియు చెప్పెను. రైళ్లును ఓడలును బొగ్గుతోనే నడచుచున్న కాలమున నీమాట పలుకుటకు గుండెదిటవు కావలయును. 1922లో ఆయన గతించువరకు ఆ తోపులు వెలయలేదు.

1972లో టోక్యోనగరపు ఫ్యుజిషిమా, హోండా యనువారు, గోడరంగులలో కలియు తెల్లని టైటేనియము భస్మముపై వెలుతురు బడినపుడు నీరు ప్రాణవాయువుగను ఉదజనిగను విడిపోవుట ప్రకటించిరి. మరుసటియేట చమురుధరలు మండుటతో లోకము చెవి యొగ్గినది. 1979లో ఇనోయె, ఫ్యుజిషిమా ప్రభృతులు అట్టి పొడులను నీట కలిపి, అందు బొగ్గుపులుసుగాలిని పంపి, దీపకాంతి ప్రసరింపజేయగా, చీమలలోని ఆమ్లమును, కర్రసారాయియు, మన గోబరుగ్యాసులోని మీథేనును కొలదిగా పుట్టెను. వెలుతురు తాకిడికి రేణువునుండి యొక ఎలెక్ట్రాను కదలి గాలియణువును చేరును. రేణువున నేర్పడిన లోటును నీరు పూరించును. రేణువు తాను తరుగదు. కనుకనే దానికి ఉత్ప్రేరకమని పేరు. చిక్కేమన, ఒక్క మీథేను అణువునకు ఎనిమిది ఎలెక్ట్రానులు కావలయును. టైటేనియము భస్మమో, ఎండలో నూటికి నాలుగైదు పాళ్లగు నతినీలలోహితకిరణములనే గ్రహించును. పైగా బొగ్గుపులుసుగాలి బూడిదవంటిది. బూడిదను మరల కట్టె చేయవలెనన్న, కాలినపుడు పోయిన వేడినంతయు తిరిగి చెల్లింపవలయును. 1996లో తమిళనాట నొకడు ఆకులువేసి నీటిని పెట్రోలు చేసితినన్నపుడు చదువుకొన్నవారును నమ్మిరి. ఈ లెక్క యెవ్వరికిని జ్ఞప్తికి రాలేదు కాబోలు.

మన హైదరాబాదులోను ఈ కృషి జరిగినది. 1944లో నిజాము ప్రభుత్వము స్థాపించిన ప్రయోగశాలయే నేడు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. అచ్చటి మాచిరాజు సుబ్రహ్మణ్యముగారు జపాను, ఫ్రాన్సు పండితులతో గూడి పలువిధములగు ఉత్ప్రేరకములను పరీక్షించి, ఒకటి మొదలు మూడు కర్బనపరమాణువులవరకు గల పదార్థములు వానివలన నెట్లు పుట్టునో 1999లో ప్రకటించిరి.

ఈ శాస్త్రమున నాకు మిక్కిలి గౌరవము కలిగించినది యొక శుద్ధిపరీక్ష. పొడికంటిన మురికిలోని కర్బనమే యొక్కొక్కపుడు మీథేనుగా మారి పరిశోధకులను మోసగించును. కావున పరమాణుభారము 13 గల బరువుకర్బనముతో చేసిన గాలిని పంపి, పుట్టిన యింధనములో నా కర్బనమే యున్నదా యని చూతురు. ఆశ్చర్యము గొలిపిన ఫలితములు కొన్ని దీనివలన సందేహాస్పదములైనవి.

ఈ కథనంతయు విని యా బాలిక "అయితే ఇప్పటికి చెఱకే గెలిచినదా?" యని యడిగెను. చెఱకుకూడ ఎండలో నూటికి ఒకటి రెండు పాళ్లకంటె నెక్కువ నిలుపుకొనజాలదనియు, నీటిని మాత్రము విశేషముగా త్రాగుననియు చెప్పితిని. ఆమె నోటుపుస్తకమున నేదో వ్రాసికొని, ఆ నీటిలెక్క రేపు చెప్పుడని కూర్చున్నది.